మింగేసిన కుట్టు

పొద్దున్న కాఫీ తాగి గ్లాసు కింద పెట్టగానే గున్నేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకుని, మొనకి కొక్కెం ఉన్న లేసు సూది చేత పట్టుకుని, భార్య మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో ఆయనది బట్టల కొట్టు. బుద్ధెరిగినప్పట్నుంచి ఎవరో నేసిన గుడ్డని కొలిచి, చింపి, మడతపెట్టి ఇవ్వడమే గాని, ఊడిపోయిన చొక్కా బొత్తాం కూడా తన చేత్తో కుట్టుకున్న మనిషి కాదు. అలాంటాయన అరవై దాటాక పసుపు నూలు దారంతో చేతిసంచి అల్లుతున్నాడని తెలిసి వీధిలో నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు నోరారా మాట్లాడుతూనే ఉన్నారు.

మీనాకుమారి దిండుకి ఆనుకుని ఆయన వేళ్ళకేసే చూస్తోంది. వరస చివరికి వచ్చింది. ఆఖరి కుట్టులో సూది దూర్చి దారం లాగాలి. గున్నేశ్వరరావు దూర్చలేదు. దాన్ని అలాగే వదిలేసి, ఏమీ ఎరగనట్టు అల్లిక వెనక్కి తిప్పి కొత్త వరస మొదలుపెట్టాడు.

"ఆగండి," అంది మీనాకుమారి. మాట ముద్దగా ఉంది గాని అందులో కోపం మాత్రం స్పష్టంగానే ఉంది. "మళ్ళీ మింగేశారు."

"ఏం మింగేశాను?"

"చివరి కుట్టు. ఇలా వరసకొకటి మింగుకుంటూ పోతే చివరికొచ్చేసరికి అది సంచవదు, కాకరకాయ మొనవుతుంది. ఇన్నేళ్ళు బట్టల వ్యాపారం చేశారు, అంచు చూసుకోవద్దూ?"

గున్నేశ్వరరావు తల గోక్కుని, నాలుక కరుచుకుని, ఆ వరసంతా ఊడదీశాడు. ఆ చీవాట్లు చెవిన పడితేనే ఆయనకి తెల్లారినట్టు. ముఖంలోకి రాబోతున్న నవ్వుని కళ్ళజోడు సర్దుకునే మిషతో దాచుకున్నాడు.

మీనాకుమారిది నరసాపురం. ఆ వైపు ఇళ్ళల్లో పిల్లలు పలక బలపం పట్టే వయసుకే లేసు సూదీ పట్టేస్తారు. కాపురానికి వచ్చేటప్పుడు ఆవిడ పెట్టెలో చీరల మధ్య సూదులు కూడా తెచ్చుకుంది. ఏటా కార్తీకంలో పిఠాపురం కుక్కుటేశ్వరస్వామి గుడికి వెళ్ళడం ఆవిడకి అలవాటు. ఈసారి కొబ్బరికాయలూ అరటిపళ్ళూ తన చేత్తో అల్లిన సంచిలోనే పట్టుకెళ్ళాలని ముచ్చటపడింది. పెద్ద పనేం కాదు. పొడుగ్గా ఒక పలక అల్లి, మధ్యకి మడిచి, రెండు పక్కలా కలిపి, పట్టీలు వేస్తే సంచి. జానెడు అల్లిక అయ్యేసరికి ఓ మధ్యాహ్నం చేతిలో సూది జారిపోయింది. వంగి తీసుకుందామంటే చెయ్యి కదల్లేదు. పక్షవాతం అన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక నడక మెల్లగా దారిలో పడింది. మాటా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఎడం చేత్తో పనులు అలవాటు చేయించండి, అన్నం తిననివ్వండి, నలుగురిలో తిప్పండి అని డాక్టరు చెప్పి పంపాడు. చెప్పడానికి ఆయనకేం పోయింది. ఎడం చేత్తో అన్నం కలపడమనే మాట వినగానే మీనాకుమారి కంచం పక్కకి నెట్టేసింది. అప్పట్నుంచి కోడలు హారతే ముద్దలు కలిపి పెడుతోంది. పిఠాపురం ఊసెత్తితే, ఎడం చెయ్యి చాపి తీర్థం పుచ్చుకోమంటారా అని ఒకసారి అడిగింది. ఆ తర్వాత అదీ అడగలేదు. పొద్దస్తమానం ఊరంతటికీ వినపడేలా మాట్లాడే మనిషి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా పెద్దదైపోయింది.

ఆ రోజుల్లోనే ఒకనాడు, కళ్ళెదురుగా ఉంటే బాధపడుతుందని గున్నేశ్వరరావు ఆ సగం అల్లిక తీసి బీరువాలో పెట్టబోయాడు. దారం మంచం కోడుకి తట్టుకుంది. తెలియక లాగాడు. కుట్లు జలజలా ఊడిపోసాగాయి.

"లాగకండి," అంది వెనకనించి ఆవిడ.

ఎన్నాళ్ళకి విన్నాడో ఆ గొంతు. ఆయన అక్కడే మంచం అంచున కూలబడి, మరైతే ఎలాగో నువ్వే చెప్పమన్నాడు. చెప్పక తప్పలేదు ఆవిడకి. దారం ఎడమ వేలికి ఎలా చుట్టుకోవాలో, సూది మొన ఎటు తిప్పాలో, గొలుసు ఎంత వదులుగా ఉండాలో విసుక్కుంటూ చెప్పింది. మొదట్లో ఆయన తప్పులన్నీ నిజమైన తప్పులే. కుట్లు బిగిసి రాళ్ళయిపోయేవి. కొట్లో జనం పల్చగా ఉండే మిట్టమధ్యాహ్నం వేళ అదే పసుపు దారం ఇంకో ఉండ పెట్టుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ సాధన చేశాడు. నెమ్మదిగా చెయ్యి తిరిగింది. అయితే ఇంటి దగ్గర ఒక చిక్కొచ్చింది. సరిగ్గా అల్లిన పూట మీనాకుమారి తలాడించి ఊరుకునేది. తప్పు చేసిన పూట గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. వ్యాపారి కదా, ఏది ఇస్తే ఏది వస్తుందో ఆయనకి ఇట్టే అర్థమైంది.

అదీ ఆయన దొంగతనం. రేపట్నుంచి సరిగ్గా అల్లాలని రోజూ అనుకుంటాడు. తెల్లారేసరికి ఆ గొంతు వినాలనిపిస్తుంది. చివరి కుట్టు మింగేస్తాడు.

ఇది తెలియని కొడుకు ఉదయ్‌భాస్కర్‌కి ఆ సంచి మీదే ఆశంతా. కాకినాడలో కాలేజీ లెక్చరరు, రోజూ బస్సు మీద వెళ్ళి వస్తాడు. తల్లిని కనీసం వీధి చివరి దాకా నడిపిద్దామని బతిమాలితే ఆవిడ, సంచి అయ్యాక చూద్దాంలే, పిఠాపురమే వెళ్దాం అంది. తప్పించుకోవడానికే అందో, మనసులో ఉండే అందో గాని, అతను మాత్రం దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ఆ పొద్దున్న కూడా టిఫిన్ బాక్సు సర్దుకుంటూ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా జానెడేనాండి నాన్నగారూ? కార్తీకం వచ్చేస్తోంది."

"వస్తుందిరా. నాకు చెయ్యి తిరగొద్దూ?" అన్నాడు గున్నేశ్వరరావు తల ఎత్తకుండా.

"ఎక్కడ తిరుగుతుందిరా," అంది మీనాకుమారి, "అల్లేది తక్కువ, ఊడదీసేది ఎక్కువ."

ఉదయ్ నవ్వుతూ బస్సుకి పరిగెత్తాడు. గున్నేశ్వరరావు ఊడదీసిన దారాన్ని మళ్ళీ ఉండకి చుట్టుకున్నాడు. సంచి పూర్తయితే ఆవిడ గుమ్మం దాటుతుంది. సంచి పూర్తయితే ఈ పొద్దుటి పూటలూ పూర్తవుతాయి. రెండిట్లో ఏది కోరుకోవాలో ఆయనకి తేలడం లేదు.

ఆ తర్వాతి ఆదివారం మండపేటలో తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళ్తూ ఆయన కొట్టు కొడుక్కి అప్పజెప్పాడు. లైనింగు గుడ్డ కావాలని ఒకావిడ వస్తే ఉదయ్ పై అరలో తాను లాగాడు. దాని వెనకనించి పసుపు పచ్చని అల్లిక ఒకటి ఒళ్ళో పడింది. విప్పి చూస్తే పక్కలు కలిపేసిన సంచి. పట్టీలు లేవన్న సంగతి కూడా అతని కంటికి ఆనలేదు. నాన్న చడీచప్పుడు లేకుండా పూర్తి చేసి, అమ్మకి చూపించి ఆశ్చర్యపరుద్దామని దాచి ఉంచారనుకున్నాడు. నాన్న చూపించేదాకా ఆగలేక మధ్యాహ్నం కొట్టు మూసి, పిల్లాడిలా ఇంటికి వచ్చి దాన్ని తల్లి ఒళ్ళో పెట్టాడు.

మీనాకుమారి ఎడమ బొటనవేలితో అంచు పొడుగునా తడిమింది. ఒక్క కుట్టు తగ్గలేదు. తలగడ పక్కన ఉన్న అల్లికని దగ్గరికి లాక్కుని దాని అంచూ తడిమింది. తను పట్టుకోలేకపోయిన తప్పులతో అది పక్కకి ఏటవాలుగా జారిపోతోంది. రెండూ ఒకే చేతివని చెప్పడానికి నరసాపురం మనిషికి క్షణం పట్టదు. వరస వరసకీ సూది తిప్పిన తీరులోనే తెలిసిపోతుంది.

గున్నేశ్వరరావు పెళ్ళి భోజనం చేసి, తాంబూలం సంచితో వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ లోపలికి చూశాడు. భార్య ఒళ్ళో రెండు పసుపు అల్లికలు కనబడ్డాయి. రెండో చెప్పు విడవకుండానే ఆగిపోయాడు.

"తెలిసే చేశారా?" అని అడిగింది మీనాకుమారి.

అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు రాలేదు. "తెలిసే చేశాను," అన్నాడు.

ఉదయ్‌కి అప్పుడు అర్థమైంది విషయం. తండ్రి ముందు గొంతెత్తి ఎరగనివాడికి కూడా ఆ పూట గొంతు లేచింది. అమ్మ బయటికి రావడానికి ఉన్న ఒక్క దారీ మీరే మూసేశారా, నేను రోజూ అడుగుతుంటే మీకు జాలనిపించలేదా అని నిలదీశాడు. హారతి భర్త చెయ్యి పట్టుకుని ఆపింది. గున్నేశ్వరరావు భార్యకేసే చూశాడు.

"సరిగ్గా అల్లితే నువ్వు ఊరుకునేదానివి మీనా. తప్పు చేస్తే మాట్లాడేదానివి. నాకు నీ మాట కావలసి వచ్చింది. అంతకంటే ఏం లేదు."

ఆ మాటకి ఆవిడ కరిగిపోతుందనుకున్నారు ముగ్గురూ. మీనాకుమారి కళ్ళలోంచి నీళ్ళయితే వచ్చాయి గాని అవి కరిగిన నీళ్ళు కావు.

"నేను మీకు నేర్పుతున్నాననుకున్నానండి," అంది. "తిండి ఒకరు పెట్టాలి, జడ ఒకరు వెయ్యాలి. ఈ ఇంట్లో నేను చేసే పని ఇదొక్కటీ ఉందనుకున్నాను. ఇదీ ఉత్తుత్తిదేనా?"

అని మళ్ళీ గోడవైపు తిరిగిపోయింది.

ఆ పూటతో మళ్ళీ ఇల్లు మూగబోయింది. ఉదయ్ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, నేనే తొందరపడి తెచ్చానమ్మా అని బతిమాలాడు. నీ తప్పేం లేదురా అన్నట్టు ఆవిడ అతని తల నిమిరింది గాని మాట్లాడలేదు. గున్నేశ్వరరావు రోజూ పొద్దున్నే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తను అల్లిన ఏటవాలు వరసలన్నీ ఊడదీసి, ఆవిడ అల్లిన జానెడూ మిగిల్చి, అక్కడ్నించి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఒక్క కుట్టు మింగలేదు. పలక పెరిగింది, మడతపెట్టాడు, పక్కలు కలిపాడు. చూసేవాళ్ళు లేని పని ఎంత చప్పగా ఉంటుందో ఆయనకి తెలిసొచ్చింది. ఆవిడని మాట్లాడించాలని ఇన్నాళ్ళూ పడిన పాట్లలో, ఆవిడకి ఏం కావాలో అడగనేలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసొచ్చింది. తలుచుకుంటే సిగ్గేసింది.

ఒక పొద్దున్న వంటింట్లో కాఫీ అందిస్తూ హారతి గొంతు తగ్గించింది. "మావయ్యగారండి, మీకో మాట చెప్పాలండి. మీరు కొట్టుకి వెళ్ళాక అత్తయ్యగారు ఆ సూది తీసి చేత్తో పట్టుకుని చూసుకుంటున్నారండి. నన్ను చూసి దిండు కింద పెట్టేస్తారు."

"ఏ చేత్తో?"

"ఎడం చేత్తోనండి."

గున్నేశ్వరరావు ఆ కాఫీ తాగకుండానే గదిలోకి వెళ్ళాడు. సంచి అంతా అయింది, ఇక మిగిలింది పట్టీలే. అవి ఆయనకి నిజంగానే రావు. సన్నగా, పొడుగ్గా, లాగినా సాగకుండా అల్లాలి. వీడియోలో చూసి రెండుసార్లు అల్లితే రెండుసార్లూ మెలికపడి పాములా చుట్టుకుపోయాయి. ఆ మెలికపడ్డ ముక్కని మంచం మీద పెట్టాడు.

"పట్టీలు రావడం లేదు మీనా. ఇది నిజం."

ఆవిడ ముక్కకేసి చూసింది. "ఇదీ నాటకమేనా?"

"నమ్మించలేను. నమ్మమని అడిగే మొహమూ లేదు నాకు." సూది తీసి ఆవిడ ఎడమ చేతి పక్కన పెట్టాడు. "నువ్వే అల్లు. రాకపోతే రాకపోయింది. నాకు మాత్రం మొదటి రోజు వచ్చిందా ఏంటి?"

"ఎడం చేత్తోనా? దేవుడి దగ్గరికి వెళ్ళే సంచా?"

"ఆ జానెడూ నీ కుడి చెయ్యి అల్లింది. ఇన్నేళ్ళూ దారం పట్టుకుని నిలబడింది ఈ ఎడం చెయ్యే కదా. దాన్నేం తక్కువ చేస్తావు?"

ఆయన అలా నిలబడే ఉన్నాడు. బయట కూరగాయల బండి వచ్చింది, హారతి వెళ్ళి బేరమాడి వచ్చింది. అప్పుడు కదిలింది ఆవిడ చెయ్యి. సూది తీసుకుంది. పెన్ను పట్టినట్టు పట్టుకుంది, జారింది, మళ్ళీ తీసింది. ఆయన అలవాటుగా కుర్చీ ఆవిడ పక్కకి లాగబోయాడు.

"పక్కన కాదండీ," అంది. "ఎదురుగా కూర్చోండి. చిన్నప్పుడు మా వీధిలో పాపాయమ్మ అని ఎడమచేతి వాటం పిల్ల ఉండేది. వాళ్ళ పిన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పేది. అద్దంలో చూసినట్టు ఉంటుంది."

గున్నేశ్వరరావు కుర్చీ తిప్పి ఆవిడ మోకాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. ముప్పైయేళ్ళు దాటిన కాపురంలో ఆయన ఆవిడ పక్కన నడిచాడు, పక్కన తిన్నాడు, పక్కన పడుకున్నాడు. ఇలా ఎదురెదురుగా ముఖం చూస్తూ కూర్చోవడం ఎప్పుడు జరిగిందో గుర్తు రాలేదు. జబ్బుతో వచ్చిన మూతి వంకర చాలామట్టుకు సర్దుకుందని ఆయన ఇప్పుడే చూశాడు. దారం కొస కుడి వైపు తలగడ కింద బిగించి పెట్టి, ఆ మీద ఆవిడ కుడి చేతిని బరువుగా ఉంచాడు. పట్టీ ఎలా అల్లాలో ఆవిడ చెప్తుంటే ఆయన కుడి చేత్తో ఒక కుట్టు వేశాడు. ఆయన్ని చూసి ఆవిడ ఎడం చేత్తో ఒక కుట్టు వేసింది. ఆయన పట్టీ ఒకటి, ఆవిడ పట్టీ ఒకటి. ఆయనకి తెలియంది ఆవిడ చెప్పాలి, ఆవిడకి చేతకానిది ఆయన చూపాలి.

ఎన్ని పొద్దుటి పూటలు పట్టిందో. ఆవిడ ఏడ్చిన పూటలున్నాయి, సూది విసిరేసిన పూటా ఉంది. అది మంచం కిందకి దొర్లితే ఈ వయసులో ఆయన పాకుతూ వెళ్ళి తెచ్చాడు. ఒకనాడు ఆవిడ ఒక్క గుక్కలో వరస పూర్తి చేసి, తల ఎత్తి గర్వంగా చూసింది. ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి చూశాడు.

"చివరి కుట్టు మింగేశావు," అన్నాడు.

మీనాకుమారి చూసుకుంది. నిజమే. ముందు పెదాలు వణికాయి. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. దానికి ఈ కష్టమంతా వచ్చి కలిసి, నవ్వో ఏడుపో తెలియకుండా ఆయన భుజం మీద తల వాల్చేసింది. గుమ్మంలో ఉదయ్‌భాస్కర్ టిఫిన్ బాక్సుతో నిలబడి చూస్తున్నాడు. ఆ రోజు బస్సు తప్పిపోయింది. అతను పట్టించుకోలేదు.

కార్తీకంలో సోమవారం కాని ఒక మామూలు రోజు, జనం తక్కువుంటారని, కారు మాట్లాడుకుని నలుగురూ పిఠాపురం వెళ్ళారు. సంచి మీనాకుమారి ఎడమ భుజానికి వేలాడుతోంది. ఒక పట్టీ తిన్నగా ఉంది. రెండోది ఒకచోట సన్నబడి, ఒకచోట ఉబ్బి, కాస్త పొట్టిగా ఉంది. దాంతో సంచి ఒక పక్కకి ఒరిగి ఊగుతోంది. లోపల కొబ్బరికాయ మాత్రం క్షేమంగానే ఉంది.

దర్శనమైంది. పూజారి తీర్థం గిన్నెతో వరసగా వస్తున్నాడు. ఆయన దగ్గరవుతున్న కొద్దీ మీనాకుమారి ఎడమ చెయ్యి పైట చాటుకి వెళ్ళిపోయింది. గున్నేశ్వరరావు చూశాడు. తన చెయ్యి చాపి నువ్వు ఇందులోంచి పుచ్చుకో అందామనుకున్నాడు. అనలేదు. ఈసారి ఆవిడ పని ఆవిడకే వదిలేయడం నేర్చుకున్నాడు.

మీనాకుమారి ముందున్న ముసలావిడకేసి చూసింది. ఆవిడ అందరిలాగే కుడి అరచెయ్యి గుంటగా పట్టి, దాని కింద ఎడం చెయ్యి ఆనించి తీర్థం పుచ్చుకుంది. మీనాకుమారి ఆ రెండు చేతులకేసే చూస్తూ ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి తనూ అలాగే పుచ్చుకుంది. ఎప్పుడూ కింద ఉన్న చేతిని చూసుకోలేదు.

పైట చాటునించి ఎడం చెయ్యి బయటికి వచ్చింది. కదలని కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టి పైకి తెచ్చింది. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఆ అరచేతి కిందకి ఎడం చెయ్యే వెళ్ళి ఎత్తి పట్టుకుంది. పూజారి తొందరపెట్టలేదు. ఉద్ధరిణితో తీర్థం పోశాడు. వేళ్ళ సందుల్లోంచి సగం కారిపోయింది. మిగిలినది ఆవిడ తాగి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. కోడలు హారతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉదయ్ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. కొట్లో సంచి దొరికిన రోజు తర్వాత అతను ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక మీనాకుమారి ఎడం చేత్తో అరటిపండు ఒలిచి భర్తకి అందించింది. ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. కొట్లో దొరికిన ఆ సంచి పట్టీల్లేకుండా అలాగే బోడిగా పడి ఉంది కదా అని ఆవిడ అడిగింది. ఉంది, దానికి రెండు పట్టీలూ తను అల్లుతానులే అన్నాడాయన.

"వద్దు. రెండూ నేనే అల్లుతాను. మీరు ఎదురుగా కూర్చోండి చాలు," అంది ఆవిడ. ఆయన కళ్ళలోకి చూసింది. "తప్పులొస్తాయి. కావాలని మాత్రం చెయ్యను."